బూడిద పట్టిన బస్తా

అమ్మకు,

నాకేం ఢోకా లేదు, బెంగ పెట్టుకోకు. విప్లవం వచ్చాక పట్నం గిడ్డంగిలో తూకం పని నాకే అప్పజెప్పారు. నిన్న మన ఊరి గోధుమ బస్తాలు వచ్చాయి. మూతి కుట్టు చూడగానే నీ ఎడమచేతి వాటం పోల్చుకున్నాను. విప్పితే గోధుమల నిండా బూడిద. విత్తనాలకి తప్ప నువ్వు బూడిద కలపవు, అదీ బస్తాకి చారెడు. "పల్లెవాళ్లు ఇష్టంగా పంపిందేనమ్మా, జల్లించి పంచెయ్" అన్నాడు గిడ్డంగి పెద్ద. గోధుమల కోసం వరసలో నిలబడ్డవాళ్లు సంచులు చాపారు. సాయంత్రానికి వీధి పొడుగునా మనుషుల చేతులు బూడిద రంగుకి తిరిగాయి. ఎంత కడిగినా వదలడం లేదు. నావీ అంతే. నా వాటా నేనూ వండుకు తిన్నాను.

నాన్న దగ్గు తగ్గిందా? మేక ఈనిందా? నా పాత దుప్పటి చెల్లికి ఇచ్చెయ్. నాన్నకు నమస్కారాలు.

ఇంతవరకు రాశాక, ఈ కార్డు మీకు చేరవేస్తానన్న బండివాడు వచ్చాడు. మీరెలా ఉన్నారని అడిగాను. ఎద్దుల వైపు చూస్తూ, "బస్తాలు కుట్టేవాళ్లని మాత్రం ప్రాణాలతో ఉంచారు" అన్నాడు.

చెల్లికి కుట్టు నేర్పమ్మా. నాన్నక్కూడా నేర్పు. ఈ రోజే.

నీ పెద్దమ్మాయి