రెండు గంటల హూటర్

గోవింద్‌పూర్,
సోమవారం.

ప్రియమైన ప్రిస్సీకి,

దేవుని దయవల్ల ఇక్కడ నేనూ, నువ్వు అప్పగించి వెళ్లిన కరివేపాకు మొక్కా క్షేమం. అక్కడ అత్తయ్య కంటి ఆపరేషను తర్వాత తేరుకున్నారని, నువ్వు వేళకు తింటున్నావని తలుస్తాను. బీపీ మాత్రలు మానలేదు. ఫోనులో "సబ్ ఠీక్" అని పెట్టేస్తున్నానని నీ ఉత్తరంలో పోట్లాడావు కదా, ఇదిగో నా జవాబు.

నిన్న అగ్రికో కాలనీలో చెస్ పోటీ జరిగింది. నీ మొగుడు గొప్ప ఆటగాడేం కాదని ఊరందరికీ తెలుసు. అయినా ఆఖరి ఆట డ్రా చేశాను. ఎదుట ఎవరనుకుంటున్నావు? జగ్గారావు! "మీతో ఒకే క్రేను దగ్గర పనిచేసిన మనిషి, తొమ్మిదేళ్లుగా మనింటికి ఎందుకు రావడం లేదు?" అని అడిగావే, అతనే. పేరు పిలవగానే లేచి వచ్చేద్దామనుకున్నాను.

షిఫ్టు గదిలో మా ఆచారం తెలుసుగా. షిఫ్టు మారే హూటర్ కూసిందంటే ఆట ఎక్కడున్నా బరాబరే, చేతులు కలిపి లేవడమే. నిన్న నా రాజు మూలకు చేరాడు. ఇంకో రెండు ఎత్తుల్లో ఆటకట్టు. అంతలో కంపెనీ రెండు గంటల హూటర్ కూసింది. జగ్గారావు అలవాటుగా చెయ్యి చాపాడు, నేనూ అలవాటుగానే పట్టుకున్నాను. అది షిఫ్టు గది కాదని అప్పుడు గుర్తొచ్చింది మా ఇద్దరికీ.

"డ్రా హువా క్యా?" అన్నాడు రిఫరీ.

"ఒరే, నువ్వు గెలుత్తన్నావు. కాదని చెప్పరా" అన్నాను.

"హూటర్ కొట్టేసినాక గెలుపేటన్నా? ఇచ్చిన చెయ్యి ఎనక్కి తీసుకోను" అన్నాడు. గెలిచుంటే కప్పు అతనిదే; డ్రా కావడంతో అరపాయింటు తేడాలో చేజారింది.

ప్రిస్సీ, అతను నన్ను కాయడం ఇది మొదటిసారి కాదు. తొమ్మిదేళ్ల కిందట క్రేను దగ్గర తనే జారిపడి కాలు నలగ్గొట్టుకున్నాడని నీకు చెప్పాను. అబద్ధం. క్రేనుకు తప్పు సైగ చేసింది నేను. విచారణలో "నేనే అడ్డం వచ్చాను" అని అతను చెప్పబట్టి నా ఉద్యోగం నిలిచింది, మన డార్కస్ నర్సింగు చదువు సాగింది. ఆ మనిషికి కృతజ్ఞత చెప్పే మొహం లేక, బజారులో కనిపిస్తే పక్క సందులోకి తిరిగేవాణ్ణి.

ఆ కృతజ్ఞత నిన్న ఆ బల్ల దగ్గరే చెప్పాను, ఏడుస్తూ.

"కాలు నొప్పి ఎప్పుడో పోనాదన్నా. నువ్వు మొకం తిప్పుకెళిపోతంటేనే నొప్పెట్టీది" అన్నాడు.

నువ్వు వచ్చాక, మొదటి ఆదివారం భోజనానికి రమ్మన్నాను. చేపల పులుసు చెయ్యి. అతను కుంటుతూ మన గుమ్మం ఎక్కుతాడు. ఎందుకు కుంటుతున్నాడో తెలిసే నువ్వు ఎదురెళ్లాలని ఇదంతా ముందుగా రాశాను. నా మీద కోపం అతను వెళ్లాక చూపించు. ముందు అతనికి నీ చేత్తో వడ్డించు.

ఇట్లు,
నీ పెనిమిటి
జెరోమ్