బీపీ లేదన్నారు

అక్టోబరు 5

సుజాతకు మళ్ళీ చలిజ్వరం. అయినా మగ్గం ముందు నుంచి లేవదు. ఎర్ర పట్టు జాకెట్టు, చేతుల మీద నెమళ్ళు — పిట్లం పెళ్ళిపిల్లది. ఒక నెమలి పూర్తయింది. రెండోదానికి తోక కుట్టాలి.

ఏమైందని అడిగితే "నడుములో గుంజుతుంది అత్తమ్మా, గంతే" అంది. ఎక్కడ, ఎప్పటి నుంచి, పూర్తి వాక్యంలో చెప్పమన్నాను. నవ్వింది. "రిటైరైనా మీ బడి బందు కాలేదు."

జావ కాచి ఇచ్చాను. సగం గ్లాసు మిగిల్చింది. మెతుకు పారేస్తే ఊరుకోని నేను ఇవాళ ఏమీ అనలేదు.

మా అబ్బాయి మోహన్ కోత మిషన్‌తో దెగ్లూరు అవతల ఉన్నాడు. సోయా కోతలు. భార్యకు జ్వరమని చెప్పాను. రేపు కూడా తగ్గకపోతే వస్తానన్నాడు.

అక్టోబరు 7, నిజామాబాద్

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను. అక్షరాలు కుదరడం లేదు. రాయాలి.

పొద్దున లేచి నిలబడలేకపోయింది. ఒళ్ళు కాలుతోంది, చేతులు మాత్రం చల్లగా ఉన్నాయి. మాట తడబడుతోంది. ఆటోలో బాన్సువాడ దవాఖానకు తీసుకుపోయాను. సిస్టర్ చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టింది. విప్పి, రెండో చేతికి చుట్టి మళ్ళీ కొట్టింది. డాక్టరు వైపు తిరిగి "బీపీ లేదు సార్" అంది.

నాకు పెద్ద బరువు దిగింది. మా ఇంట్లో బీపీ ఉన్నది నాకు. పొద్దున్నే గోలీ మింగేది నేను. కోడలికి ఆ రోగం లేదు. అంతే అర్థమైంది నాకు. వరండాలోకి వచ్చి మోహన్‌కు ఫోన్ చేశాను. బండి తాళం చేతిలోనే ఉంది, బయలుదేరుతున్నానన్నాడు.

"వద్దురా. బీపీ లేదన్నారు. ఉత్త జ్వరమే. పని ముగించుకుని రా."

"అమ్మయ్య" అన్నాడు వాడు కూడా.

లోపలికి వచ్చేసరికి రెండు చేతులకూ సెలైన్లు. డాక్టరే అంబులెన్సుకు ఫోన్ చేస్తున్నాడు. ఇంత హడావిడి ఎందుకు, బీపీ లేదన్నారు కదా అని అడిగాను. ఆయన నా ముఖం వైపు చూసి నెమ్మదిగా చెప్పాడు. "లేదంటే మంచిగుందని కాదమ్మా. దొరుకుతలేదు. పడిపోయింది."

వెంటనే మోహన్‌కు ఫోన్ చేశాను. అప్పటికే చేలోకి దిగాడు. అందుబాటులో లేరు. మళ్ళీ చేశాను. అందుబాటులో లేరు.

వర్ని ఊరు దాటాక అంబులెన్సులో సుజాత కళ్ళు తెరిచింది. "ఆయన వస్తుండా అత్తమ్మా?"

వస్తున్నాడు అన్నాను.

మధ్యాహ్నం ఊపిరి అందడం లేదని మత్తిచ్చి నోట్లో గొట్టం వేశారు. ఆ తరవాతే ఫోన్ కలిసి, మోహన్ దీపాలు పెట్టే వేళకు వచ్చాడు. మనిషి నిండా దుమ్ము, జుట్టులో సోయా పొట్టు. భార్య చెవి దగ్గర వంగి, వచ్చిన్నే సుజాతా, వచ్చిన్నే అంటూనే ఉన్నాడు.

జీవితమంతా పిల్లలకు తెలుగు చెప్పాను. ఉంది, లేదు — ఒకటో తరగతి మాటలు.

అక్టోబరు 8

ఇక్కడి డాక్టరు చిన్నవాడు. కూర్చోబెట్టి చెప్పాడు. మూత్రపిండంలో రాయి అడ్డం పడింది. వెనక చీము పట్టి రక్తంలోకి ఎక్కింది. వీపు నుంచి సన్నటి గొట్టం వేసి చీము తీశారు. కానీ ఆ విషానికి ఒంట్లోని రక్తనాళాలన్నీ వదులైపోయాయట. మోహన్‌కు అర్థం కావాలని నిజాంసాగర్ కాలువ పేరెత్తాడు. గట్లు సాగిపోయి కాలువ వెడల్పయితే, నీళ్ళున్నా చివరి పొలానికి ఎక్కవు కదా — అట్లా. ఆ గట్లను బిగించే మందు నార్అడ్రినలిన్. అది చాలక వాసోప్రెసిన్ అని రెండోది కూడా పెట్టారు. ఆ మందులు పనిచేయడానికి తోడుగా స్టెరాయిడ్.

గుండెకు స్కానింగ్ చేస్తే పంపింగ్ తగ్గిందని తేలింది. ఆ విషం గుండెనూ కొట్టింది. మనిషి గట్టెక్కితే గుండె మళ్ళీ కోలుకుంటుందట, చాలామందికి. 'గట్టెక్కితే' అన్న మాట దగ్గర ఆయన నన్ను చూడలేదు.

"గుండె గంత జోరుగ ఎందుకు కొట్టుకుంటుంది సార్? దాన్ని నిమ్మళం చేసే మందు లేదా?" అన్నాడు మోహన్.

ఉంది. కొన్నిచోట్ల ఇచ్చి చూస్తున్నారు. ఫలితం ఒక్కోచోట ఒక్కో తీరు. ఇంత తక్కువ బీపీలో ఆ సాహసం చేయలేనన్నాడు. ఆ మందు పేరు అడిగి, నా సంచిలోని గోలీల అట్ట చూపించాను. ఆ జాతిదేనమ్మా అన్నాడు.

అక్టోబరు 9

పొద్దున గోలీ చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. నాకు తగ్గడానికి. ఆమెకేమో పెరగాలి...

మింగాను. నేను పడిపోతే చూసేవాళ్ళు లేరు.

నార్అడ్రినలిన్ ఇంకా పెంచారు.

అక్టోబరు 10

వేళ్ళు.

కుడిచేతి కొసలు నీలంగా ఉన్నాయి. దుప్పటి నీడ అనుకుని దుప్పటి తీశాను. నీడ కాదు. ఎడమచేతివీ అంతే. కాలివేళ్ళు ఇంకా నలుపు. నా అరచేతుల్లో పెట్టుకుని రాశాను. వేడెక్కలేదు.

డాక్టరును ఆపి అడిగాను. రోగమూ కారణమే, మందూ కారణమే అన్నాడు. మందు నాళాలను బిగించి, ఉన్న రక్తాన్ని గుండెకూ మెదడుకూ అందేలా చూస్తుంది. కొసలకు మిగలదు. ఆమె మగ్గం పని చేస్తుంది, ఆ వేళ్ళతోనే సూది పడుతుంది, మందు కాస్త తగ్గించమన్నాను. బతిమాలడం నాకు రాదు. బతిమాలాను.

"తగ్గిస్తే వేళ్ళు ఉంటయేమో. మనిషి ఉండదమ్మా."

మోహన్ నా భుజం పట్టుకుని పక్కకు జరిపాడు. "వేళ్ళు పోనియ్యి సార్. మనిషిని ఇయ్యి."

అక్టోబరు 11, బాన్సువాడ

బట్టల కోసం, వెన్నెల కోసం ఇంటికి వచ్చాను. మనవరాలు పక్కింటి రెహానా దగ్గర పడుకుంటోంది. తలలో చిక్కులు. జడ వేశాను. గట్టిగా లాగినా ఎప్పటిలా అరవలేదు. అమ్మ వేళ్ళ సంగతి చెప్పలేదు.

మగ్గం మీద తోక లేని నెమలి. సూది గుడ్డలోనే గుచ్చి ఉంది, దారంతో సహా. దుమ్ము పడకుండా పాత చీర కప్పాను. సూది తీయలేదు.

పిట్లం పెళ్ళిపిల్ల తల్లి వచ్చింది. వేరేవాళ్ళతో పూర్తి చేయించుకొమ్మని మగ్గం మీది చీర తొలగించబోయాను. చేయి అడ్డం పెట్టింది. "ఉండనియ్యి టీచరమ్మా. ఆమెనే కుట్టాలె. మా పిల్ల ఉత్త జాకెట్టుతోనే పీటల మీద కూసుంటది."

ఆమె వెళ్ళేదాకా ఏడవకుండా ఆగాను.

అక్టోబరు 12, నిజామాబాద్

మోహన్ ఇన్నాళ్ళూ ఒక్క మాట అనలేదు. నువ్వెందుకు వద్దన్నావమ్మా అని ఒక్కసారి అడిగినా బాగుండేది. నాకు టీ తెచ్చిస్తాడు. చక్కెర లేకుండా. గోలీ వేసుకున్నవా అంటాడు.

ఇవాళ మెట్ల మీద కూర్చుని అడిగాడు. "అంబులెన్సుల మాట్లాడిందానే?"

చెప్పాను. ఆమె అన్నది అన్నట్టే చెప్పాను, ఒక్క అక్షరం మార్చకుండా. ఆయన వస్తుండా అత్తమ్మా.

"నువ్వేమన్నవ్?"

వస్తున్నాడు అన్నానని చెప్పాను.

తల ఊపాడు. లేచి కిందికి పోయాడు. కాసేపటికి కిటికీలోంచి చూస్తే, టీ కొట్టు పక్కన గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు. చేతిలో గ్లాసు అలాగే ఉంది.

అక్టోబరు 13

వాసోప్రెసిన్ ఆపారు. నార్అడ్రినలిన్ కొంచెం తగ్గించారు. బీపీ నిలబడింది. గుండె పంపింగ్ కూడా మొన్నటి మీద నయమట. మత్తు తగ్గించినప్పుడు మోహన్ పిలిస్తే కనురెప్పలు కదిలాయి. నాకూ చూపించాడు. కదిలాయి.

ఇంతకంటే రాయను.

అక్టోబరు 14

మళ్ళీ జ్వరం. మళ్ళీ పడిపోయింది. ఆపిన మందు తిరిగి పెట్టారు. ఉన్నదాన్ని పెంచారు. గుండెకు బలమివ్వడానికి ఇంకో మందు కూడా. అది ఇస్తే గుండె లయ తప్పవచ్చు, ఇవ్వకపోతే పంపింగ్ చాలదు — ఈసారి కాలువల మాట ఎత్తలేదు డాక్టరు. నేల చూస్తూ చెప్పాడు.

వేళ్ళు రెండో కణుపు దాకా నలుపు.

అక్టోబరు 15

లోపల సిస్టర్ "బీపీ ఉన్నది అవ్వా" అంది. పూర్తిగా చెప్పమన్నాను. ఎలా ఉంది, దేనితో ఉంది, చెప్పు తల్లీ అన్నాను. ఆ పిల్ల విసుక్కోలేదు. "మందుల మీద ఉన్నది. మందు తీస్తే లేదు అవ్వా."

పూర్తి వాక్యం. అడిగి చెప్పించుకున్నాను.

బయటికి వచ్చి కూర్చున్నానో లేదో వెన్నెల ఫోన్. రెహానా దగ్గర నుంచి చేస్తోంది. "నానమ్మా, అమ్మకు బీపీ ఉందా?"

ఉంది అన్నాను. ఈ ఒక్క మాటైనా నిజం చెప్పగలుగుతున్నానన్న ధైర్యంతో అన్నాను.

అవతల వెక్కిళ్ళు. "బీపీ గూడ వచ్చిందా? మస్తు ఉందా నానమ్మా?"

ఆ రోజు నేను విన్నట్టే విన్నది. అది కాదు తల్లీ, ఉండాలి, అది ఉండాలి అంటున్నాను. ఎందుకు ఉండాలో ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. ఇంతలో తలుపు తెరిచి సిస్టర్ పిలిచింది. "సుజాత వాళ్ళాయన ఎవరు? లోపలికి రాండ్రి." నా వైపు చూడలేదు. మోహన్ చెప్పులు విడిచి పరుగున పోయాడు. మళ్ళీ చేస్తానని ఫోన్ పెట్టేశాను.

ఊరికే కూర్చోలేక ఇది రాస్తున్నాను. ఒక చెప్పు బోర్లా పడితే సరిచేసి పెట్టాను. తలుపు మూసే ఉంది. లోపల ఎవరో పరుగెత్తుతున్న చప్పుడు... ఆగింది.

ఫోన్ మోగుతోంది. వెన్నెల —