ఎడమవైపు నట్టు

గురువారం, రాత్రి

రేపల్లె శ్రీను ఫోన్ ఎత్తడం లేదు. నాలుగుసార్లు చేశాను.

రొయ్యల చెరువు గట్ల మీద తిరగడానికి జీపు ఎత్తు పెంచమన్నాడు, పెంచాను. ఎత్తు పెరిగాక, మలుపుల్లో బండి ఒరగకుండా పట్టే స్టెబిలైజర్ లింకులు పొట్టివైపోతాయి. పొడుగువి వేసి, బండి నేల మీద నిలబడి ఉండగానే కొలత సరిచేశాను. కుడివైపు లాక్‌నట్టు బిగించి, ఎప్పటిలాగే బిగించినట్టు గుర్తుగా గోళ్ళరంగు చుక్క పెట్టాను. ఎడమ నట్టుకు పంతొమ్మిది నంబరు స్పానర్ తగిలించాను. అంతలో శ్రీను వాళ్ళమ్మగారు బండి కిందికి వంగి పిలిచారు.

"తమ్ముడూ, ఒకటిన్నరకి రాహుకాలం వచ్చేస్తుంది. ఈలోపే బండి గేటు దాటాలయ్యా."

బయటికొచ్చి కొబ్బరికాయ కొట్టాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. శ్రీను బండి తీశాడు. తెనాలిలో ముప్పై ఏళ్ళుగా షెడ్డు నడుపుతున్న నాకు, "ఒక్క నిమిషం ఆగండమ్మా" అనడానికి నోరు రాలేదు.

మళ్ళీ కిందికి దూరానా? దూరినట్టే ఉంది. చుక్క పెట్టినట్టు మాత్రం గుర్తు లేదు. నట్టు వదులై, లింకు ఊడి, మలుపులో ఆ బండి... రేపు పొద్దున్నే పిల్లల్ని ఎక్కించుకుని సూర్యలంక వెళ్తానన్నాడు.

"బిగించే ఉంటారు, పడుకోండి" అంది మా ఆవిడ.

ఆ మాట నమ్ముదామనే ఇందాక షెడ్డుకెళ్ళి లైటు వేశాను. గోడకు స్పానర్లన్నీ వరసగా ఉన్నాయి. పంతొమ్మిది నంబరు మేకు ఖాళీగా ఉంది.

తిరిగొచ్చి చెప్పాను. మా ఆవిడ బైకు తాళం తెచ్చి ఈ పుస్తకం మీద పెట్టింది.