కోయించిన సైలెన్సర్

అన్నా,

నీ సంవత్సరీకం అయిన మర్నాడే, ఏడాదిగా కదలని నీ పాత పికప్పుని బయటికి తీసి కొత్త సైలెన్సర్ వేయించాను. పాతదాని లోపలి రేకులు కోయించి నువ్వు పెట్టుకున్న ఆ మోత నాకెప్పుడూ గిట్టలేదు కదా. ఇక బండి పిల్లిలా పోతుందని సంబరపడ్డాను.

ఆ వారమంతా వాకాడు నుంచి తెచ్చిన చేపలు నువ్వు చేపలమ్ముతూ తిరిగిన ఊళ్లలోనే సగం కూడా అమ్ముడుపోలేదు. ఐసు కరిగి రోడ్డుపాలైంది. చివరికి నీ దగ్గర ఎప్పుడూ చేపలు కొనే మస్తానమ్మక్కని అడిగాను.

"బండొచ్చినట్టే తెలీలేదబ్బయా. మీ అన్న వస్తావుంటే కాలవ అవతల్నించే వినపడేది. గిన్నె కడుక్కోని వాకిట్లో నిలబడేవాళ్లం" అంది.

హారన్ కొట్టి చూశాను. ఐస్‌క్రీం బండి అనుకుని పిల్లలొచ్చారు.

నిన్న కొత్త సైలెన్సర్ రేకులు కూడా కోయించేశాను. "బాగుండేదాన్ని ఎవరన్నా చెడగొట్టుకుంటారా?" అని మెకానిక్ తిట్టాడు.

ఈ ఉదయం బండి కాలవ దాటేసరికే గిన్నెలతో వాకిళ్లలో ఉన్నారు. చేపలన్నీ అయిపోయాయి.

కాకపోతే, వచ్చినవాళ్లంతా ముందు డ్రైవరు సీట్లోకి తొంగి చూశారు. నేనని తెలిశాకే, "ఏం చేపలు తెచ్చినావబ్బయా?" అని అడిగారు.