వచ్చినట్టే

8 జూన్ 1998, సోమవారం

పాస్టర్ తాతబాబు మళ్లీ వచ్చాడు. ఆటోనగర్ వెనక రేకుల షెడ్డులో చర్చి ఆయనది. ఒకప్పుడు ఆ షెడ్డులోనే వెల్డింగు చేసేవాడు. ఇలా సొంతంగా చర్చి పెట్టుకున్న పాస్టరు పెళ్లిళ్లు చేయాలంటే గవర్నమెంటు లైసెన్సు ఉండాలి. అది తెప్పించడం నా పని. ఏదో కాగితం తక్కువైందని కలెక్టరాఫీసు వాళ్లు మార్చిలోనే ఫైలు వెనక్కి పంపారు. ఎండలు తగ్గాక వెళ్దామని బీరువా మీద పెట్టాను. అక్కడే ఉంది.

ఏటి బాబూ, లైసెన్సు సంగతేటయ్యింది, మా ఆశమ్మ పెళ్లి దాని కోసమే ఆగిపోనాది అన్నాడు. అంత దూరం నుంచి భుజం మీద పనసపండు మోసుకొచ్చాడు. ఆ పండు ముందు కూర్చుని లేదు అనడానికి నోరు రాలేదు. వచ్చినట్టే లెండి అన్నాను.

మా వృత్తికి అన్నం పెట్టే మాట అది. బెయిలు వచ్చినట్టే, స్టే వచ్చినట్టే. అబద్ధం కాదు, నిజమూ కాదు. నరం లేని నాలుక ఎటైనా తిరుగుతుంది.

9 జూన్

రేపు కలెక్టరాఫీసుకి వెళ్లాలి.

17 జూన్

రేపు. ఇల్లంతా పనస వాసన.

22 జూన్, సోమవారం

పెళ్లి కార్డు వచ్చింది. ఎల్లుండే. లైసెన్సు వచ్చింది అనుకున్నాడు ముసలాయన!

చర్చికి ఫోన్ లేదు కాబట్టి చెప్పలేకపోయానని నాకు నేనే చెప్పుకున్నాను. స్కూటర్ మీద పది నిమిషాల దారి.

24 జూన్, బుధవారం, సాయంత్రం

వెళ్లాను. వెళ్లకపోతే అనుమానం వస్తుందని వెళ్లాను. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీ వేశారు. పెళ్లికొడుకు వీరేంద్ర పోర్టులో క్రేన్ ఆపరేటర్. వాళ్ల వైపు నుంచి ఒక్కరూ రాలేదు. ఆశ చర్చిలో పాటలు పాడే పిల్ల. ఇవాళ మాత్రం తల ఎత్తలేదు, నవ్వు ఆగట్లేదు కాబోలు.

ఈ పెళ్లికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే సెప్పండి అని తాతబాబు మూడుసార్లు అడిగాడు. మూడోసారి కొంచెం ఆగాడు కూడా. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. బయట బిర్యానీ గుండిగ మూత తీసిన వాసన వచ్చింది.

తర్వాత రిజిస్టర్ తెచ్చారు. సాక్షి సంతకం మా లాయరు బాబే పెట్టాల అని తాతబాబు నా చేతికి పెన్ను ఇచ్చాడు. పెట్టాను. బిర్యానీ కూడా తిన్నాను.

25 జూన్

పొద్దున్నే కలెక్టరాఫీసుకి పరిగెత్తాను. చేతులు కాలాక ఆకులు. ఇప్పుడు లైసెన్సు తెచ్చినా నిన్నటి పెళ్లికి పనికిరాదు. నాకు తెలియదా ఏం. తాతబాబుకి చెప్పాలి. రేపు.

3 అక్టోబర్, శనివారం

చెప్పలేదు. ఇక చెప్పక్కర్లేదు, ఆయనకి నోటీసే చెప్పింది.

వీరేంద్ర దువ్వాడలో వాళ్లమ్మ దగ్గరకి వెళ్లిపోయాడు. ఆశకి మూడో నెల. మనిషి తిరిగి రాలేదు గానీ వాళ్ల లాయరు నోటీసు వచ్చింది. పాస్టరుకి లైసెన్సు లేదు, కాబట్టి అది పెళ్లే కాదు, ఆమె భార్యే కాదు అని. పాస్టరు మీద పోలీసు కంప్లయింటు కూడా పెట్టారు. రుజువైతే జైలే.

స్టేషన్‌లో తాతబాబు నా పేరు ఎత్తలేదట. తప్పు నాదే బాబూ, కాయితం కళ్లతో సూడకుండా పెళ్లి సేసీసినాను అన్నాడట. అక్కడి నుంచి నేరుగా నా దగ్గరికే వచ్చాడు. మీరే వాదించాల అన్నాడు. వకాల్తా తీసుకున్నాను. ఆయన సంతకం పెడుతున్నంతసేపూ గోడ మీద క్యాలెండర్ చూశాను.

4 అక్టోబర్

అన్నం ఎందుకు తినట్లేదని శ్రీవల్లి అడిగింది. పెళ్లాం దగ్గర కూడా దాచితే ఎలాగని చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. స్టేషన్‌లో ఆయన మీ తరఫున వాదించి వచ్చాడు, మరి మీరెవరి తరఫునండీ అంది. తిట్టి ఉంటే బాగుండేది.

9 అక్టోబర్, శుక్రవారం

ఆశ ఆఫీసుకి వచ్చింది. ఒక్కతే. కూర్చోమన్నా కూర్చోలేదు. మీరు వచ్చినట్టే అన్నారంట, తాను వచ్చిందనుకున్నాడంట, తన సెవిదే తప్పని పాస్టరుగారు సెప్తన్నారు అంది. ఆయనకి సెవులు బాగానే ఇనిపిస్తాయి సారూ అంది.

వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. అయితే నాకు పెళ్లయినట్టేనా సారూ అని అడిగింది.

ఆ పిల్ల వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగింది.

10 అక్టోబర్

లా పుస్తకాలు తీశాను. లైసెన్సు ఉందని నమ్మే పెళ్లి జరిపారని తేలితే ఆశకి దారి ఉంది, ముసలాయనకీ ఉంది. కానీ ఆ నమ్మకం ఎవరు పుట్టించారో బోనెక్కి చెప్పాలి. వకీలే సాక్షి అయితే వకాల్తా వదులుకోవాలి. ఆపైన బార్ కౌన్సిల్‌లో నా మీద ఫిర్యాదు, కోర్టు క్యాంటీన్‌లో జూనియర్ల నవ్వులు. ఇరవై ఏళ్ల ప్రాక్టీసు.

ఇంకో దారి కూడా ఉంది. నేను వచ్చింది అనలేదు, వచ్చినట్టే అన్నాను, ఆయనే తప్పుగా విన్నాడు అనడం. ముసలాయన కాదనడు. నేను బయటపడతాను. పొద్దుటి నుంచి ఈ దారే ఎక్కువసేపు ఆలోచించాను. థూ.

11 అక్టోబర్, ఆదివారం

పొద్దున తాతబాబు చర్చికి వెళ్లాను. చర్చిలో సాక్ష్యం అంటే వేరట. బోను ఉండదు. ప్రమాణం చేయించరు. లేచి, జరిగింది చెప్పడమే. మీరూ సెప్తారా బాబూ అన్నాడు తాతబాబు.

చెప్పాను. బీరువా మీద ఫైలు, పనసపండు, అన్నీ. ఒక్కరూ ఆమెన్ అనలేదు.

కోర్టులో కూడా ఇలాగే సెప్తారా అని వెనక నుంచి ఆశ అడిగింది.

చెప్పినట్టే అని నాలుక చివరిదాకా వచ్చింది.

చెప్తాను అన్నాను.

మళ్లీ అనండి అంది.