గౌరికి ఎడమవైపు గోడ

ఫిబ్రవరి 10, సోమవారం

మా ముసలి ఏనుగు గౌరిని పంపడానికి ఆర్డర్ వచ్చింది. మార్చి 4 ఆఖరు తేదీ. దాటితే ఎండల పేరుతో రవాణా ఆపేస్తారు, మళ్లీ జులైలోనే. ఆ కాళ్లతో గౌరి జులై దాకా ఉండదు. జూ డాక్టరుగా ఈ మాట రిపోర్టులో నాలుగుసార్లు రాశాను. నాలుగుసార్లూ నోటెడ్ అని వచ్చింది.

మాచర్ల రోడ్డులో మా మినీ జూ మొత్తం ఆరెకరాలు. ఏనుగుల షెడ్డు పావెకరం, కింద సిమెంటు. ముప్పై ఏళ్లు దాని మీద నిలబడితే ఏ పాదాలైనా పుచ్చిపోతాయి. పడుకుంటే మళ్లీ లేవలేనని దానికి భయం. రెండేళ్లుగా గోడకు ఆనుకుని నిలబడే నిద్రపోతోంది. దీనికి తోడుగా ఉన్న చిన్న ఏనుగు చుక్క, పోయిన నెలే చిత్తూరు వైపు ఏనుగుల కేంద్రానికి వెళ్లిపోయింది. అక్కడ మట్టి నేల, చెరువు, నడిచినంత చోటు. గౌరి కూడా వెళ్లాలి. నేను అడిగేది ఇంతే.

ఫిబ్రవరి 19

మత్తు ఇస్తే ఈ వయసులో లేవదు. ఇనుప బోనులోకి తనంతట తనే నడిచి వెళ్లాలి. మావటి సత్తార్ రోజూ బెల్లం ముక్కలు లోపల పెట్టి పిలుస్తున్నాడు. ఈ రోజు ముందుకాళ్లు రెండూ లోపల పెట్టింది. సత్తార్ ఏడ్చాడు. నేను మాత్రం ఏడవలేదు. దాదాపుగా.

ఫిబ్రవరి 27

నాలుగు కాళ్లూ!!

మార్చి 1

చుట్టుపక్కల ఊళ్లన్నీ గౌరిని చూడటానికి దిగాయి. మాజీ సర్పంచ్ ఆంజనేయులు గారు మంగళవారం పూట ఆడపిల్లను సాగనంపుతారా ఏందమ్మా, పంచాంగం చూసేవాళ్లే లేరా మీ ఆఫీసులో అని నిలదీశారు. అవతలి పార్టీ సుధీర్ బాబు, తన చేతిలో ఉంటే అసలు పోనిచ్చేవాణ్ణే కాదన్నాడు. ముప్పై ఏళ్లలో ఈ ఇద్దరిలో ఒక్కరైనా దాని పాదాల వంక చూసి ఉంటే బాగుండేది.

మార్చి 2, ఆదివారం, సాయంత్రం 6

తల పగిలిపోతోంది. సంతకాల కోసం నరసరావుపేటలో ఆఫీసరు ఇంటికే వెళ్లాను. ఒక్క పూట. ఆ ఒక్క పూటలో ఆంజనేయులు గారు, ట్రయల్‌కు వచ్చిన క్రేన్ డ్రైవర్‌ని పట్టుకుని బోనును తిప్పించేశారు. ఎందుకయ్యా అంటే, గౌరి దక్షిణం దిక్కు నడిచి ఎక్కుతోందట. అది యముడి దిక్కు డాక్టరమ్మా, చూస్తా చూస్తా ఎట్టా తోలతాం, తూర్పుకి పెట్టించా, నీకు చానా మేలు చేశా అన్నారు.

చిత్తూరు ఉన్నదే దక్షిణాన! అరిచాను. ఆయన నాకు మజ్జిగ తెప్పించారు.

మార్చి 3, మధ్యాహ్నం

గౌరి బోను దగ్గరకే రావడం లేదు. బెల్లం, చెరకు, అరటి గెల, దేనికీ లొంగలేదు. కారణం సత్తార్ చెప్పాడు. దానికి ఎడమ కన్ను లేదు. మొదట్నుంచీ ఆ పక్కన చుక్క ఉండేది, చుక్క వెళ్లాక షెడ్డు గోడ ఉండేది. బోను తిప్పాక ఎడమవైపు అంతా ఖాళీ. కనబడని వైపు ఏమీ లేకపోతే అది అడుగు వెయ్యదట. ఇరవై రోజులుగా అది బోను ఎక్కడం చూస్తున్నాను, నాకే తట్టలేదు. ఆ కోపం కూడా ఆంజనేయులు గారి మీదే చూపించాను.

క్రేన్ రేపు పొద్దున గాని రాదు. అప్పుడు తిప్పినా, ఆ చప్పుడుకు ఇది రోజంతా బోను వంక చూడదు.

మార్చి 3, సాయంత్రం 5

గోడేగా కావాల్సింది అంటూ ఆంజనేయులు గారు ట్రాక్టర్ నిండా టార్పాలిన్ పట్టాలు తెచ్చి ఎడమవైపు కట్టించారు. నిన్నటిదాకా మిరపకాయలు ఆరబెట్టిన పట్టాలు. గౌరి ఒక్కసారి వాసన చూసి, తుమ్మి, షెడ్డు చివరకు పోయింది. నేనూ తుమ్ముతున్నాను. సత్తార్ కూడా. వీళ్లతో నా వల్ల కాదు.

మార్చి 4, ఉదయం 7

వెళ్లింది.

ఐదున్నరకు వచ్చేసరికి పట్టాలు తీసేసి, ఎడమవైపు సరుగుడు కర్రలతో కంచె కట్టి ఉంది. దాని వెనక, బోను దాకా, భుజం భుజం ఆనించి గోడలా నలభై మంది. ఆంజనేయులు గారు మనుషులు చాలక సుధీర్ బాబుకు ఫోన్ చేశారట. ఆ ఇద్దరూ పలకరించుకుని తొమ్మిదేళ్లయింది. పక్కపక్కన నిలబడ్డారు. ఏనుగు పక్కన ఇలా జనాన్ని నిలబెట్టడం ఏ రూల్ ప్రకారమూ కుదరదు. రిపోర్టులో రాయను. ఫోన్లు కట్టేయండి, నోరు మెదిపితే చంపేస్తాను అన్నాను. పల్నాటి మనుషులు నలభై మంది పావుగంట నోరు మూసుకుని ఉండటం నేను చూశాను.

గౌరి తొండంతో ఒక్కొక్కరినీ తడుముకుంటూ నడిచింది. ఆంజనేయులు గారి భుజం మీద ఆగింది. ఆయన కళ్లు మూసుకున్నారు, బుగ్గల మీద నీళ్లు కారుతున్నాయి, కదల్లేదు. తర్వాత సుధీర్ బాబు. తర్వాత బోను.

అందరికీ మజ్జిగ నేనే తెప్పించాను.

మార్చి 9, ఉదయం 6:10

గౌరి వెంట వెళ్లిన సత్తార్, చిత్తూరు కేంద్రం నుంచి ఫోన్ చేశాడు. గౌరి మట్టిలో పక్కకు ఒరిగి పడుకుని ఉందట. ఊపిరి బాగానే ఉందట, గురక కూడా పెడుతోందట. లేపమంటారా అమ్మా అని అడిగాడు.

లేపవద్దన్నాను.