పేరు కొట్టించిన పళ్ళెం

పుంగనూరు,
20 నవంబరు 2006.

చిరంజీవి రేవతికి,

అమ్మ దీవెనలు. నేను, ఆవు, కొత్త దూడ క్షేమం. మోకాళ్ళ నొప్పి కూడా క్షేమమే, నన్ను వదిలి ఎక్కడికీ పోలేదు. కుప్పంలో నువ్వు వేళకు తింటున్నావని, మాత్రలు మానలేదని తలుస్తాను.

చెంగమ్మ సంగతి అడిగావు కదా. నీకు హెచ్.ఐ.వి. ఉందని తెలిసి వీధి కొళాయి దగ్గర నీ బిందె తోసేసిన మనిషి. మదనపల్లె నుంచి వచ్చిన, నీలాగే హెచ్.ఐ.వి. ఉన్న మీ సంఘం ఆడవాళ్ళతో నువ్వు ఖాళీ బిందెలు పెట్టుకుని అక్కడే మూడు రోజులు కూర్చున్నాక ఆమె నోరు మూతపడింది. మొన్న తనే వచ్చి, "రేవతి ఎప్పుడొస్తాదమ్మా? ఈసారి మా ఇంట్లో సంగటి తినిపోవాల" అంది. సంతోషపడాల్సిందాన్ని. తల దించుకున్నాను.

ఒకటో తారీఖు కుప్పంలో జరిగే ఎయిడ్స్ దినం మీటింగుకు రమ్మన్నావు. "నా పళ్ళెం తీసుకురామ్మా, స్టేజీ మీద సూపిస్తా. ఊరంతా దూరం పెట్టినా మా అమ్మ నా పేరు కొట్టించి పళ్ళెం ఇచ్చిందని చెప్తా" అన్నావు. మదనపల్లెలోనూ ఇదే చెప్పావట.

తల్లీ, ఆ పళ్ళెం నేను ముద్దుతో కొనలేదు. నీ మొగుడు పోయాక, నీ రక్తంలోనూ అదే ఉందని డాక్టరు చెప్పిన మర్నాడే గిన్నెల అంగడికి పోయాను. కలిసి తింటే రాదని కూడా ఆయన చెప్పాడు. తల ఊపి వచ్చాను, అంతే. అంగడి గంగులయ్య పేరు కొడుతూ, "పెండ్లికిచ్చేదానికామ్మా?" అని అడిగాడు. అవునన్నాను. నీ పళ్ళెం నా పళ్ళెంతో మారిపోతుందేమోనన్న భయంతో కొట్టించిన పేరు అది. నువ్వు ఆ అక్షరాల మీద వేలితో తడుముతూ, "నా పేరేనామ్మా!" అని చిన్నపిల్లలా నవ్వావు. అప్పుడైనా చెప్పలేదు. ఎండలో ఆరితే మెరుస్తుందని నీకు చెప్పి, మిగతా గిన్నెల్లో కలవకుండా అరుగు మీద పెట్టేదాన్ని. అదీ అబద్ధమే.

చెంగమ్మ నలుగురి ముందు తోసింది, నువ్వు ఎదిరించావు, గెలిచావు. నేను తోసింది నీకు కనబడనే లేదు. కన్నతల్లి ఇంటి ముందు ఎవరైనా ధర్నా చేస్తారా?

నువ్వు కుప్పం పోయాక ఒకరోజు ఆ పళ్ళెంలో సంగటి పెట్టుకున్నాను. ఇప్పుడు రోజూ దాంట్లోనే తింటున్నాను. కానీ నువ్వు ఇక్కడ ఉన్నప్పుడు తినని తిండి ఇప్పుడు తింటే ఏం లాభం?

మీటింగుకు వస్తాను. పళ్ళెం తెస్తాను. మైకు నాకివ్వు. దాని మీద పేరెందుకుందో నేనే చెబుతాను. నాలాంటి తల్లులు అక్కడా ఉంటారు, వాళ్ళు వినాలి. తర్వాత భోజనాల దగ్గర నన్ను నీ పక్కన కూర్చోబెట్టుకోవాలో లేదో నీ ఇష్టం. నాకు వేరుగా విస్తరి వేసినా తింటాను.

ఇట్లు,
మీ అమ్మ
చౌడమ్మ